మా బడిలో ఇప్పుడు ఏదీ పోదు

పిల్లలకు చదువు చెప్పే బళ్ళు ఎక్కడ పడితే అక్కడ ఉన్నాయి. పెన్సిల్ పోకుండా కాపాడే బడి ఎక్కడైనా చూశారా? మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంది. పలక, బలపం తర్వాత విద్యారంగానికి అంత మేలు చేసినది ఏదైనా ఉందంటే, ఆ బడివాళ్ళు పెన్సిల్‌కు అంటించిన స్టిక్కరే!

నా తమ్ముడి కూతురు అక్కడ ఏడో తరగతి చదువుతోంది. తమ్ముడి కుటుంబం మా పై వాటాలో ఉంటుంది కాబట్టి, ఆ బడి సంగతులు నేను అడగకపోయినా మెట్లు దిగి మా ఇంటికి వస్తాయి.

స్టిక్కర్లు రాకముందు ఆ బడి పరిస్థితి తలుచుకుంటే సిగ్గుచేటు. రబ్బర్లు పోయేవి. స్కేళ్ళు పోయేవి. ఒంటి మీది స్వెటర్ పోయిన సంగతి ఇంటికొచ్చి అమ్మ అడిగితే తప్ప తెలియని పిల్లలుండేవారు. దొరికిన వస్తువులన్నీ ఒక ఇనప బీరువాలో వేసేవారు. ఆ బీరువా కౌన్సెలర్ గదిలో ఉండేది.

కౌన్సెలర్ అంటే ఎవరో తెలియనివాళ్ళ కోసం చెబుతాను. చదువు సాగనివాళ్ళు, ఇంట్లో చిక్కులున్నవాళ్ళు, ఎందుకో చెప్పకుండా ఏడ్చేవాళ్ళు వెళ్ళి మాట్లాడటానికి బడి పెట్టుకున్న ఉద్యోగి. మాట్లాడటానికి జీతం! ఆవిడ చేరిన కొత్తలో ఆ గది గుమ్మం ఎవరూ తొక్కలేదట. తొక్కినవాడిని చూసి మిగతావాళ్ళు "వీడికేదో అయిందిరా" అనేవారట. అప్పుడావిడ స్టాఫ్ రూమ్‌కు వెళ్ళి, అక్కడ చోటు తినేస్తున్న బీరువాను తన గదిలో పెట్టించమని అడిగింది. పీడ విరగడైందని టీచర్లందరూ తలో చెయ్యి వేసి తోశారు.

ఆ రోజు నుంచి పిల్లలు ఆవిడను బీరువా మేడమ్ అన్నారు. ఆ రోజు నుంచే బడిలో వస్తువులు విపరీతంగా పోవడం మొదలైంది.

వెతకడంలో ఆవిడంత చేతకానివాళ్ళను నేను చూడలేదు. పిల్ల వచ్చి రబ్బరు పోయిందంటుంది. కళ్ళెదుట రబ్బర్ల డబ్బా ఉంటుంది. ఆవిడ అది తప్ప అన్నీ వెతుకుతుంది. ఏ రంగు? ఎప్పుడు చూశావు చివరిసారి? పక్కన ఎవరు కూర్చున్నారు? వాళ్ళతో మాటలున్నాయా? పొద్దున తిని వచ్చావా? నాన్నది ఏ షిఫ్టు? ఒక రబ్బరు దొరకాలంటే నాన్న షిఫ్టు తెలియాలా, మీరే చెప్పండి!

మా ఇంటి పిల్ల కూడా ఈ వ్యవహారంలో పడింది. వారానికొక వస్తువు పోగొట్టేది. మా మరదలు మెట్ల మీదే దులిపేసేది.

"ఎన్ని స్కేళ్ళే నీకు? స్కేళ్ళు తింటున్నావా ఏంటి?"

"దొరుకుతుందిలే అమ్మా. మేడమ్ వెతుకుతున్నారు."

"ఆవిడ వెతికేలోగా నీ పెళ్ళయిపోతుంది!"

ఇలా ఉండగా ఒకరోజు మా తమ్ముడికే కబురొచ్చింది. "మీ గొడుగు ఒకటి మా దగ్గర ఉన్నట్టుంది, వచ్చి చూసుకోండి" అని. తమ్ముడికి గొడుగు లేదు. వానొస్తే రెయిన్‌కోటు వేసుకుంటాడు. అయినా వెళ్ళాడు. తోడు రమ్మంటే నేనూ వెళ్ళాను. ఆ రోజు ఆకాశంలో మబ్బుతునక లేదు.

ఆవిడ బీరువాలోంచి ఒక గొడుగు తీసింది.

"ఇదేనాండీ?"

"కాదండి."

"అయితే కూర్చోండి. లోపల ఇంకోటి ఉండాలి."

మేం కూర్చున్నాం. ఆవిడ బీరువాలో తల పెట్టి, అటు తిరిగే అడిగింది. "పాప ఇంట్లో పైకి చదువుతుందా?"

తమ్ముడు లిఫ్ట్ మెకానిక్. రోజంతా లిఫ్ట్ గోతిలో ఒక్కడే పనిచేస్తాడు. మాటలు పొదుపు. ఆవిడ మొహం కనిపించకపోవడం వల్లనో ఏమో, చెప్పడం మొదలుపెట్టాడు.

"చదవదండి. మాట గొంతులో ఇరుక్కుంటుంది. నాకూ చిన్నప్పుడు అంతే. సార్ లేపి చదవమంటే క్లాసంతా నవ్వేది. అందుకే మానేశానండి చదువు."

వాడి సొంత అన్నయ్యను నేను. ఆ సంగతి నాకు తెలిసింది ఆ కుర్చీలో! వాడికి లెక్కలు రాక మానేశాడని ఇన్నాళ్ళూ అనుకున్నాను. చూశారా? గొడుగు అడగడానికి వెళ్ళిన మనిషి చేత ఏమేమి కక్కించిందో! గొడుగు మాత్రం దొరకలేదు.

తర్వాత ఆవిడ క్లాస్ టీచర్‌తో ఏదో మాట్లాడింది. పిల్ల రేపు చదవాల్సిన పేరా ఏదో ఈరోజే తెలిసేది. లంచ్ బెల్ కొట్టాక బీరువా తలుపు వెనక నిలబడి దాన్ని మేడమ్‌కు చదివి వినిపించేది. బయటినుంచి చూసేవాళ్ళకు, పాపం పిల్ల స్కేలు వెతుక్కుంటోంది. కొన్నాళ్ళకు క్లాసులో రెండు లైన్లు చదివింది. మరి కొన్నాళ్ళకు పేరా మొత్తం చదివింది. ఆ సాయంత్రం మా మరదలు మెట్లు దిగి వచ్చి ఆ పేరా నాకు అప్పజెప్పింది. వర్షపాతం గురించి.

అయితే మాత్రం? స్కేళ్ళ ఖర్చో?

సరిగ్గా అప్పుడు బడికి కొత్త అడ్మినిస్ట్రేటర్ వచ్చాడు. కష్టపడే మనిషి. పొద్దున అందరికంటే ముందు వస్తాడు. గోడ మీద గీత కనిపిస్తే తన రుమాలుతో తుడుస్తాడు. ఆయన చూపు బీరువా మీద పడింది. పిల్లల్లో ఇంత మతిమరుపు ఉండకూడదనుకున్నాడు. ప్రతి వస్తువుకూ స్టిక్కర్ అంటించాడు. కింద పడింది ఏదైనా సరే, అటెండర్ ఫోన్‌తో స్కాన్ చేస్తాడు, ఎవరిదో తెలుస్తుంది, నిమిషాల్లో వాళ్ళ బెంచీ మీద ఉంటుంది.

ఆహా, ఎంత పనితనం! నాలుగో తరగతి పిల్లవాడు అరిగిపోయిన పెన్సిల్‌ను చెత్తబుట్టలో వేస్తే వేసినప్పుడల్లా తిరిగొచ్చింది. ఇద్దరు స్నేహితులు విడిపోతూ పెన్నులు మార్చుకుంటే, మర్నాటికి ఎవరి పెన్ను వాళ్ళకు చేరింది. ఒకటో తరగతి పాపకు పాలపన్ను ఊడితే మాత్రం అటెండర్ చాలాసేపు తిప్పి తిప్పి చూశాడట, స్టిక్కర్ ఎక్కడుందా అని!

బీరువా ఖాళీ అయింది. దాన్ని స్టోర్‌రూమ్‌కు తోశారు. గది విశాలమైంది. ఆయన అంతటితో ఆగే మనిషా? చెక్క తలుపు తీసి గాజు తలుపు పెట్టించాడు. దాని మీద "మానసిక సమస్యల పరిష్కార కేంద్రం" అని రాయించాడు. మెట్లెక్కేవాళ్ళకు, దిగేవాళ్ళకు, మంచినీళ్ళకు వెళ్ళేవాళ్ళకు అందరికీ కనిపించేంత పెద్ద అక్షరాలు. లోపలికి వెళ్ళాలంటే యాప్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. తీసుకోగానే పేరు, క్లాసు, సమయం గేటు దగ్గరి టీవీలో వస్తాయి. ఆసుపత్రుల్లో టోకెన్ నంబరు వచ్చినట్టు. అన్నీ బాహాటంగా ఉంటే అనుమానాలకు తావేది?

ఫలితం చూడండి. ఒక్కరంటే ఒక్కరు రాలేదు! బీరువా కాలంలో ఖాళీ లేని గది, గాజు తలుపు పెట్టగానే నిశ్శబ్దమైపోయింది. బడిలో సమస్యలు అంతరించాయి. అడ్మినిస్ట్రేటర్ ఈ సంగతిని ఆ టీవీ తెర మీదే పచ్చరంగులో చూపించాడు. ఊరికే కూర్చున్న మేడమ్‌కు బస్సుల దగ్గర పిల్లల్ని లెక్కపెట్టే పని ఇచ్చాడు.

మా ఇంటి పిల్లకు మాత్రం కడుపునొప్పి వచ్చింది.

"మళ్ళీనా?" అనేది మరదలు. "నిన్నా ఇదే టైముకి. ఆదివారం మాత్రం రాదు. ఈ నొప్పికి క్యాలెండర్ చూడటం కూడా వచ్చు!"

నేను పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. "మేడమ్ దగ్గరికి వెళ్ళొచ్చుగా తల్లీ. ఇప్పుడు గది ఎంత బాగుందో!"

"టీవీలో పేరొస్తుంది పెదనాన్నా."

"వస్తే ఏం? టీవీలో పేరు రావాలని జనం చచ్చిపోతున్నారు."

"నువ్వు వెళ్ళు అయితే."

ఈ కాలం పిల్లలకు పెద్దలంటే భయం లేదు.

వారం గడిచింది. ఇంకో వారం మొదలైంది. పిల్ల గడప దాటలేదు. మరదలు అన్నం వడ్డిస్తూ ఏడ్చింది. తమ్ముడు కంచం వైపు చూస్తూ అన్నాడు. "మానిపించేద్దాంలే. నేను మానలేదా? చచ్చిపోయానా?"

అదే సమయానికి ఫోన్‌లో బడి నుంచి మెసేజ్ వచ్చింది. కౌన్సెలర్ ఉద్యోగం అవసరమా కాదా అన్న విషయం శనివారం తల్లిదండ్రుల సమావేశంలో తేలుస్తారట.

తమ్ముడు రమ్మంటే నేనూ వెళ్ళాను. హాలు నిండింది. మేడమ్ చివరి వరసలో కూర్చుని ఉంది. అక్కడున్న తల్లిదండ్రుల్లో ఆవిడ గదిలో కూర్చోనివాళ్ళు తక్కువ. ఆ సంగతి నాకు ఎలా తెలుసంటారా? ఆవిడ ఎవరి వైపూ చూడలేదు. తల వంచుకుని చెప్పు పట్టీ సవరించుకుంటూనే ఉంది. తను ఎవరినైనా చూసి పలకరిస్తే, మిగతావాళ్ళకు తెలిసిపోదూ?

అడ్మినిస్ట్రేటర్ మైకు అందుకున్నాడు.

"నేను ఎవరి పొట్టా కొట్టేవాణ్ణి కాదు. ఒక్కటే అడుగుతాను. మానసిక సమస్య ఉండి ఆ గదికి వెళ్ళిన పిల్లల తల్లిదండ్రులు దయచేసి చేతులెత్తండి."

హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. అందరూ వాటినే చూస్తున్నారు. నేను కూడా చూశాను. మంచి ఫ్యాన్లు.

"ఒక్కరూ లేరా? అయితే ఇక..."

కుర్చీ జరిగిన చప్పుడైంది. చూస్తే మా తమ్ముడు! పెళ్ళిచూపుల్లో కూడా నోరు విప్పని మనిషి.

"చెప్పండి సార్," అన్నాడు అడ్మినిస్ట్రేటర్.

"నా... నా గొ... గొడుగు పోయిందండి."

ఎవరూ నవ్వలేదు.

"సార్, మనం మాట్లాడేది గొడుగుల గురించి కాదు."

"ఇక్కడే పోయింది. మేడమ్ వెతుకుతున్నారు. సగంలో ఉంది."

అడ్మినిస్ట్రేటర్ ఏదో అనబోయేలోగా వెనక నుంచి మందుల షాపావిడ లేచింది. "మావాడి స్వెటర్ కూడా అండీ. అదీ సగంలోనే ఆగిపోయింది."

"మా పాప లంచ్ బాక్స్ మూత," అన్నారెవరో. "డబ్బా ఉంది, మూత లేదు. దాంతో ఇంట్లో గొడవగా ఉంది."

బ్యాంకు గుమాస్తా ఒకాయన నిలబడ్డాడు. "నా కళ్ళజోడండీ."

"పెట్టుకునే ఉన్నారు కదండీ!" అన్నాడు అడ్మినిస్ట్రేటర్.

"ఇంకోటి," అని ఆయన కూర్చున్నాడు.

ఆ తర్వాత ఎవరు లేస్తున్నారో, ఎవరు కూర్చుంటున్నారో తెలియలేదు. తాళంచెవులు, రుమాళ్ళు, చేతిసంచులు. ఒక తాతగారు చేతికర్ర పోయిందన్నాడు, ఆ కర్ర మీదే ఆనుకుని. మేడమ్ చెప్పు పట్టీ వదిలేసి, కొంగుతో మొహం తుడుచుకుంది.

అడ్మినిస్ట్రేటర్ నిజంగా కంగారుపడ్డాడు. నేను ముందే చెప్పాను, కష్టపడే మనిషి. పిల్లల మతిమరుపు పెద్దల నుంచే వస్తోందని ఆయనకు అప్పుడు బోధపడింది. వెంటనే నిర్ణయం ప్రకటించాడు. ఇకమీదట తల్లిదండ్రుల వస్తువులకు కూడా స్టిక్కర్లు వేస్తారు. అవి తయారై వచ్చేదాకా బీరువా మేడమ్ గదిలో ఉంటుంది. బీరువా ఉన్నంతకాలం మేడమ్ ఉంటుంది.

సోమవారం బీరువా తోసుకొచ్చారు. గాజు తలుపుకు అడ్డంగా తప్ప ఇంకెక్కడా పట్టదని మేడమ్ చెప్పిందట. కొలతలు ఎవరూ తీయలేదు. తలుపు మీది అక్షరాల వెనక ఇప్పుడు బీరువా వీపే కనిపిస్తుంది. లోపలికి పక్కగుమ్మం నుంచి వెళుతున్నారు, అపాయింట్‌మెంట్ లేకుండా, ఏ క్రమశిక్షణా లేకుండా!

మంగళవారం పిల్ల కడుపు పట్టుకునే వెళ్ళింది. సాయంత్రం వస్తూనే ఒక కాలి సాక్స్ పోయిందని చెప్పింది. బూటు వేసుకున్న కాలికి సాక్స్ ఎలా పోతుందో నాకు అర్థం కాలేదు. మా మరదలు మాత్రం కోప్పడలేదు.

"తొందరేం లేదులే," అంది. "రేపు వెళ్ళి నిదానంగా వెతుక్కో."

ఇదీ పరిస్థితి! ఇంత మంచి పద్ధతిని తల్లిదండ్రులే ఇలా పాడుచేస్తే దేశం ఏం బాగుపడుతుంది? అయినా నాకు ఆశ ఉంది. పెద్దల స్టిక్కర్లు సెలవుల తర్వాత వస్తాయట. అప్పుడు ఎవరి బరువు వాళ్ళ చేతికే తిరిగొస్తుంది, ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదు.

కాబట్టి పాఠకులారా, పోగొట్టుకోవలసినవి ఏమైనా ఉంటే ఈలోగానే పోగొట్టుకోండి.