పెద్దది కదులుతోందా?

ఆ ఉదయం ప్రొఫెసర్ వేసుకున్న పథకం చాలా సులువైనది. ఫ్రీజర్‌లోంచి డబ్బా తీయాలి, సంస్థకు పట్టుకెళ్ళాలి, తనిఖీకి వస్తున్న చైర్మన్ గారి ముందు మూత తెరవాలి. రాత్రంతా గడ్డకట్టే చలిలో పడున్న పెంకు పురుగులు గది వెచ్చదనానికి కాళ్ళు కదుపుతాయి. చైర్మన్ గారు నోరు వెళ్ళబెడతారు. మూసేద్దామనుకుంటున్న ల్యాబ్ నిలబడుతుంది.

పురుగుల గురించి ఆయనకు బెంగ లేదు. వాటి ఒంట్లో ఒక ప్రోటీన్ ఉంటుంది. మంచు పలుకు పుట్టీ పుట్టగానే దాన్ని అతుక్కుని, ఇక పెరగనివ్వదు. సంస్థలో కొత్త ఆలోచన పుట్టినప్పుడు చైర్మన్ గారు చేసేదీ అదే.

ల్యాబ్ ఫ్రీజర్ పాడవడంతో ముందురోజే పురుగుల్ని ఖాళీ ఐస్‌క్రీమ్ డబ్బాలో పోసి ఇంటికి తెచ్చాడు. ఇంటి ఫ్రీజర్‌లో అచ్చం అలాంటి డబ్బా ఇంకొకటుంది, నిండా ఐస్‌క్రీమ్‌తో.

"ఏదైనా తిని వెళ్ళండి అల్లుడుగారూ," అంది అత్తగారు.

"టైం లేదు అత్తయ్యగారూ, ఇవాళ నా జాతకం తేలిపోతుంది!" అంటూ చేతికందిన డబ్బాతో పరుగెత్తాడు.

సమావేశం గదిలో కమిటీ కొలువుతీరింది. ప్రొఫెసర్ పంపిన రిపోర్టు వాళ్ళలో ఒక్కరూ చదవలేదు. "రాత్రంతా గడ్డకట్టే చలిలో ఉన్నా ప్రాణం పోలేదు. చూడండి సార్!" అని మూత తీశాడు.

లోపల వెనిలా ఐస్‌క్రీమ్.

చైర్మన్ గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "స్పూన్లు తేలేదా?"

చెమటలు కక్కుతూ ప్రొఫెసర్ డబ్బా అడుగుదాకా కెలుకుతుంటే ఫోన్ మోగింది. అవతల భార్య.

"ఏమండీ, డబ్బాలో ఉన్నవి ఎండు ద్రాక్ష అనుకుని అమ్మ పళ్ళెంలో పోసింది. అవి నడుస్తున్నాయి! అమ్మ బల్లెక్కి కేకలు పెడుతోంది!"

ఆ మాటలు విన్నది ప్రొఫెసర్ ఒక్కడే. మిగతావాళ్ళకు వినబడింది ఆయన జవాబు.

"ఎవరు, అత్తయ్యగారా? సరేగానీ, పెద్దది కదులుతోందా? హమ్మయ్య, బతికే ఉందన్నమాట! మెల్లిగా పట్టుకుని మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టెయ్యి. చావదులే! రాత్రంతా అందులో ఉండి చచ్చిందా?"

చైర్మన్ గారు కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. "ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నావయ్యా ఈ పని?"

"నా జీవితమంతా ఇదే సార్. మొదట్లో ఒక్కటీ బతికేది కాదు. ఇప్పుడు చెయ్యి తిరిగింది."

చైర్మన్ గారింట్లోనూ ఒక అత్తగారున్నారు. క్షణకాలం ఆయన ముఖంలో ఏదో ఆశ మెరిసింది గానీ, చుట్టూ కమిటీ ఉంది. "పదండి! ఆ తల్లిని కాపాడాలి!" అని లేచారు.

రెండు కార్లు, వెనకే సెక్యూరిటీ జీపు. తలుపు తోసుకుని వెళ్తే అత్తగారు భోజనాల బల్ల మీద నిలబడి ఉంది, చేతిలో అట్లకాడతో. కింద నల్లటి పురుగులు తీరిగ్గా షికారు చేస్తున్నాయి. వాటిలో పెద్దది చైర్మన్ గారి బూటెక్కింది.

"అమ్మా, మిమ్మల్ని ఫ్రీజర్‌లో పెట్టాడా?"

"నన్నెందుకు పెడతారు బాబూ, వీటిని పెట్టారు! పొద్దున తీసినప్పుడు రాళ్ళలా పడున్నాయి. ఇప్పుడు చూడండి, నాకంటే హుషారుగా ఉన్నాయి!"

ప్రొఫెసర్‌కు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇంతకంటే గొప్ప సాక్ష్యం ఎవరిస్తారు? "నేను చెప్పేదీ అదే సార్!"

చైర్మన్ గారు వంగి చూశారు, బూటు విదిలించారు, ప్రొఫెసర్ చెయ్యి పట్టుకుని ఊపారు. "అద్భుతం! ఇంత గొప్ప పరిశోధన ఇంట్లో ఫ్రిజ్‌తోనే అయిపోతుంటే ఇక ల్యాబ్ ఎందుకయ్యా? మూసేద్దాం."

మర్నాడు ఆ ల్యాబ్ గదిలో పొదుపు విభాగం తెరిచి, నలుగురు అధికారుల్ని వేశారు.