పెద్దాయన పట్టిన చేప

ఆదివారం పొద్దున కార్యదర్శి వేసుకున్న పథకం చాలా చిన్నది. చేపను తుడవాలి, మధ్యాహ్నం కాస్త కునుకు తీయాలి, సాయంత్రానికి అధ్యక్షుడైపోవాలి.

అతను ఊళ్ళోని గాలాల సంఘానికి కార్యదర్శి. ఆ సంఘాన్ని పెట్టిన పెద్దాయన పోయి ఆ రోజుకు ఏడాది. ఊళ్ళో గాలం పట్టిన ప్రతి చెయ్యీ పెద్దాయన దిద్దిందే. ఎర గుచ్చడం, గట్టు మీద నోరు మూసుకుని కూర్చోవడం, ఊళ్ళోకి వచ్చాక అదే నోరు తెరవడం అందరూ ఆయన దగ్గరే నేర్చుకున్నారు. ఆయన పట్టిన ఐదడుగుల చేప, లోపల గడ్డి కూరి పైన మెరుగు పెట్టినది, సంఘం హాల్లో అద్దాల పెట్టెలో ఉండేది. దాని పక్కనే గోడ మీద ఆయన రాసిన మొదటి నియమం: 'ఒకరి చేపను ఇంకొకరు కొలవరాదు.' సంఘం ఇన్నేళ్ళు చీలిపోకుండా నిలబడిందంటే ఆ నియమం చలవే.

పెద్దాయన కుర్చీ ఏడాదిగా ఖాళీగా ఉంది. కార్యదర్శికీ కోశాధికారికీ దాని మీదే కన్ను. సాయంత్రం సంస్మరణ సభకు పెద్దాయన భార్య వస్తున్నారు, కుర్చీ ఎవరిదో ఆవిడే చెప్పాలని అందరూ ఒప్పుకున్నారు. అందుకే కార్యదర్శి ముందురోజే చేపను ఇంటికి తెచ్చుకున్నాడు. తళతళలాడే చేపను చూసి ఆవిడ కళ్ళు చెమర్చాలి, ఆ చెమర్చిన కళ్ళు తన మీద పడాలి.

"పొడిగుడ్డతో తుడిస్తే చాలండీ," అంది భార్య వంటింట్లోంచి.

"ఇన్నేళ్ళ దుమ్ము పొడిగుడ్డకు పోతుందా?"

స్నానాల గదిలో తొట్టి నిండా నీళ్ళు పట్టి, గుప్పెడు సబ్బుపొడి వేసి, చేపను నానబెట్టి పేపరు చదువుకోవడానికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి గడ్డి తేలుతోంది, రంగు తేలుతోంది, అడుగున ఒక గాజుకన్ను అతని వైపే చూస్తోంది. మిగతాదంతా గుజ్జు. నీళ్ళలో పడి చచ్చిన చేప లోకంలో బహుశా అదొక్కటే.

"కొంప మునిగిందే," అన్నాడు గోడ పట్టుకుని.

"మునిగింది చేప. కొంప బాగానే ఉంది. ముందా తొట్టి కడగండి," అంది భార్య.

తొట్టి కడగకుండా బావమరిదికి ఫోన్ చేశాడు. బావమరిదికి రంగుల కొట్టుంది. రెండు పూతలు వేస్తే తీరని సమస్య లేదని అతని నమ్మకం.

"ఇంత కంగారెందుకు బావా? చేప పోతే ఇంకో చేప పెడదాం. పైన వార్నిష్ కొడితే రాయిలా ఉంటుంది."

"ఐదడుగులది కావాలిరా."

"పట్టుకురా. కార్యదర్శివి కదా."

కార్యదర్శి మాట మార్చాడు. కొన్నేళ్ళుగా సంఘంలో ఎవరి గాలానికీ అరచేతిని మించిన చేప పడలేదు. ఈ సంగతి సభ్యుల భార్యలకు తప్ప ఎవరికీ తెలియదు.

ఇద్దరూ చేపల బజారుకు పరిగెత్తారు.

"ఐదడుగులా? ఇన్నేళ్ళుగా అమ్ముతున్నాను, ఈ చుట్టుపక్కల నీళ్ళలో అంతది నేను చూళ్ళేదు బాబూ," అంది చేపలావిడ. "ఇదిగో, రెండడుగులుంటుంది. ఇవాళ్టికి ఇదే పెద్దది. ముక్కలు కొట్టనా?"

"వద్దొద్దు. తలా తోకా అన్నీ ఉండాలి."

"పెంచుకుంటారా?"

కొట్టు వెనకాల రెండు పూతలు పడ్డాయి. గాజుకన్ను కడిగి అతికించారు. చేప వాసన, వార్నిష్ వాసన కలిసి మూడో వాసనొకటి పుట్టింది, దాన్ని పట్టుకుని రెండు పిల్లులు హాలు దాకా వెంట వచ్చాయి. అద్దాల పెట్టెలో మిగిలిన ఖాళీని రెల్లుతో నింపి, తలుపు బిగించి, తెర కప్పారు. కార్యదర్శికి ఆ రోజు కునుకు లేదు.

సాయంత్రం హాలు నిండింది. పెద్దావిడ వచ్చి తెర లాగారు. అందరూ మెడలు ముందుకు చాచారు.

"చేప తగ్గినట్టుందే," అన్నాడు కోశాధికారి.

"ఎండిన సరుకు కదండీ, తగ్గుతుంది," అన్నాడు కార్యదర్శి.

"మొన్నటిదాకా తగ్గలేదే."

"పెద్దాయన పోయాక మనలో ఎవరం తగ్గలేదు చెప్పండి? దానికి మాత్రం బాధుండదా?"

వెనక ఎవరో ముక్కు చీదారు. దుఃఖంతోనో, వాసనకో తెలియలేదు. కోశాధికారి జేబులోంచి కొలత టేపు తీశాడు. హాలంతా ఉలిక్కిపడింది. టేపు ఒకసారి బయటికొచ్చిందంటే పెద్దాయన చేపతో ఆగదు, అక్కడున్న ప్రతి మనిషికీ చెప్పుకోవడానికి ఒక చేపుంది. "లోపల పెట్టండి," "గోడ మీద నియమం చదవండి," అని నాలుగు వైపుల నుంచీ లేచారు.

ఈ గొడవలో పెద్దావిడ పెట్టె దగ్గరికి వెళ్ళి తలుపు తీసేశారు. ముందు వరుస మొత్తం రెండో వరుసలోకి జరిగింది.

"ఇది పొద్దుటి చేప. మరి అసలుదేమైంది?" అని అడిగారు ఆవిడ.

కార్యదర్శి కుర్చీ మీద ఆశ వదులుకున్నాడు. "సబ్బునీళ్ళలో కరిగిపోయిందమ్మా. నాదే తప్పు."

"కరగదూ మరి? నాటకాల వాళ్ళ దగ్గర కొన్న అట్టచేప అది. ఆయన పట్టినదాన్ని ఆ రోజే నేను వండితే ఇద్దరం తిన్నాం. దీనికన్నా కాస్త చిన్నదే."

కార్యదర్శి హాలు వైపు చూశాడు. పెద్దాయన మళ్ళీ పోయినట్టున్నాయి ఆ ముఖాలు. తన చేతి మీద చెయ్యి వేసి మొదటిసారి గాలం విసిరించిన మనిషి గుర్తొచ్చాడు. ఆ మనిషి రెండడుగులకు దిగిపోవడం చూడలేకపోయాడు.

"మన్నించాలమ్మా," అన్నాడు. "మీరిప్పుడు చేపను కొలిచారు. నియమం ఒప్పుకోదు. అది ఐదడుగులే. నేను కళ్ళారా చూశాను."

"ఆ రోజు నువ్వక్కడ లేవు కదా నాయనా."

"గట్టు మీదే ఉన్నానమ్మా. ఎండ మండిపోతోంది. అది నీళ్ళలోంచి పైకి లేచినప్పుడు దాని నీడలోనే నిలబడ్డాను."

పెద్దావిడ అతని కళ్ళలోకి చూశారు. నవ్వు మొదలైంది, ఆగలేదు, చివరికి కొంగుతో కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది.

"ఏడాదైంది ఇలాంటి మాట విని," అన్నారు. "రెప్ప కూడా వేయలేదు, అచ్చం ఆయనే. ఇతన్ని కూర్చోబెట్టండి ఆ కుర్చీలో."

ముందుగా బలపరిచింది కోశాధికారే, ఆయనకూ చెప్పుకోవడానికి నాలుగడుగుల చేప ఒకటుంది. చప్పట్లు ఆగేలోపు పిల్లులు పెట్టెలోని చేపను వార్నిష్‌తో సహా ముగించాయి.

మరుసటి ఏడు సంఘం కొత్త చేపను చేయించింది. ఆరడుగులంటారు, ఎవరూ కొలవలేదు.