పాలబండికి ఎర్రజెండా

పాలు విరిగితేనే దేశం ముందుకెళ్తుంది!

అనుమానముంటే లోకేశ్వరిని చూడండి. తెల్లవారుతూనే ఊళ్లో ఇంటింటి పాలూ పట్టి, క్యాన్లు ఆటోలో వేసుకుని, గుంటల రోడ్డు మీద నడుము విరగ్గొట్టుకుంటూ పలమనేరు శివారుకొచ్చింది. పెద్దరోడ్డు దాటితే పాలు చల్లబరిచే చిల్లింగ్ సెంటర్. దాటనిస్తే కదా! ఆ రోజు ఆ రోడ్డే ట్రాకు. జాతీయ స్పోర్ట్స్‌కార్ రేసింగ్ చాంపియన్‌షిప్, తొలి సీజన్, తొలి పోటీ! అడ్డంగా బారికేడ్. దాని వెనక కాపలాగా నారింజరంగు కోటులో గంగాధరం. నిన్నటిదాకా అక్కడే టీ అమ్మినవాడు.

“ఏమప్పా, పాలు ఎండలో ఉండాయి. ఒక్క నిమిషం వదులు.”

“ఈగను గూడా వదలొద్దన్నారక్కా. నేషనల్ రూలు!”

“ఎండకు పాలు విరుగుతాయని ఆ రూలుకు ఎవురన్నా సెప్పినారా?”

ఎంత అల్పబుద్ధి! దేశం వేగం గురించి ఆలోచిస్తుంటే ఈమెకు పాల గోల! తన ఊరి రోడ్డు కోసం ఏళ్లుగా అర్జీలు పెట్టినా కదలని తారు, రేసు అనగానే ఇక్కడికి పరుగెత్తుకొచ్చింది. అద్దంలా పరుచుకుంది. అద్దం మీద పాలబండి ఎక్కొచ్చా? మీరే చెప్పండి!

వేగానికి తొందర పనికిరాదు. ముఖ్య అతిథి రావాలి. ఎండ నెత్తికెక్కాక వచ్చారు. మైకు దొరికింది, వదల్లేదు. దిగేముందు ఆయనకో ధర్మసందేహం: దిష్టి తీయకుండా కొత్తబండిని రోడ్డెక్కిస్తారా? కోట్ల కార్లకు దిష్టి మరీ ఎక్కువ కదా! కారుకో బూడిదగుమ్మడికాయ తెప్పించి, కర్పూరం వెలిగించి, కార్ల ముందే ఫట్టుమని పగలగొట్టించారు.

“సార్, ట్రాక్ మీద వద్దు!” రేసు ఇంజినీర్ రూపేష్ చేతులు అడ్డంపెట్టాడు.

“ఏమబ్బా, నీకు దేవుడంటే నమ్మకం ల్యాదా?”

పచ్చజెండా ఊగింది. గుమ్మడి గుజ్జు మీద మొదటి కారు బొంగరంలా తిరిగింది. రెండోది దాన్ని చూసి తిరిగింది. మూడోది పోయి టైర్ల గోడను కావలించుకుంది. ఎర్రజెండా! రేసు ఆగింది. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. దిష్టి మహిమ కాదనగలరా?

గంగాధరం కూడా సెల్‌ఫోన్ పైకెత్తుకుని అటు పరుగెత్తాడు. లోకేశ్వరి బారికేడ్ పక్కకు నెట్టింది. ఊరి బురదలో నడిచిన బండికి గుజ్జొక లెక్కా! మొదటి గేరులో మెల్లగా అవతలికి చేరింది. ఆ రోజు అనుకున్న చోటికి చేరిన బండి అదొక్కటే.

చిల్లింగ్ సెంటర్‌లో క్యాన్ మూత తీశారు. వాసన చూశారు. మళ్లీ మూత పెట్టేశారు. ఒక ఊరి పూటపాలు మట్టిపాలు.

తిరిగొస్తుంటే గంగాధరం తల గోక్కుంటూ ఎదురొచ్చాడు.

“కోపంగా ఉండాదా అక్కా? రేసు వాయిదా ఏసినారు. మళ్లా పెడతారంట.”

“పెట్టమనప్పా. ఈతూరి మా ఊరి రోడ్డు మింద పెట్టమను.”

“ఏందక్కా, పాలు పోయినా నీకు బుద్ధి రాలేదా?”

“రేసు కోసరం తారు ఏసేదాకా ఎవురూ నోరెత్తొద్దు. ఏసినాక, గుమ్మడికాయ నేనే కొడతా!”