బండికి కనపడ్డ అడ్డం

శుక్రవారం పొద్దున్నే లక్ష్మణ్ కొత్త కారుకు కొండగట్టులో పూజ చేయించి, మధ్యాహ్నం భోజనం వేళకు మెట్‌పల్లి చేరుకోవాలని ఇంట్లోవాళ్లు అనుకున్నారు. ఆ అనుకోవడంలో బావ ఓంప్రకాశ్ లేడు. ఆయన ఎవరూ పిలవకుండానే తలదువ్వుకుని వచ్చి కారులో కూర్చున్నాడు.

ఓంప్రకాశ్‌ది జిరాక్స్ దుకాణం. ఆయనకు కారు లేదు, నడపడమూ రాదు. అయినా కార్ల గురించి ఆయనకు తెలియని సంగతంటూ లేదు. లేచింది మొదలు ఫోన్‌లో కొత్త బండ్ల వార్తలు, విదేశాల కారు పందేలు చూస్తాడు. ఆధార్ కార్డు జిరాక్స్‌కు వచ్చినవాడికి బ్యాటరీ బండ్ల భవిష్యత్తు మొత్తం చెప్పాకే కాగితం చేతికిస్తాడు. ఇక పక్క షెడ్డులో ముప్పై ఏళ్లుగా బండ్లు విప్పి బిగిస్తున్న మెకానిక్ అబ్బాస్ గతి చెప్పనక్కర్లేదు.

"గా రేసులల్ల నాలుగు టైర్లు రెండు సెకండ్లల్ల మారుస్తరు భాయ్. నీకు ఒక్క పంచర్‌కు అర్ధగంటనా?" అంటాడు ఓంప్రకాశ్.

"గాడ ఇరవై మంది పని చేస్తరు సాబ్. నాకు మీరొక్కరే ఉన్నరు. మీరు గూడ ముచ్చట్లే పెడ్తరు," అంటాడు అబ్బాస్.

లక్ష్మణ్ పసుపు పంట అమ్మి కారు కొంటానన్నప్పుడు అబ్బాస్, "సాదా బండి తీస్కోండ్రి, ఏ ఫికర్ ఉండది," అన్నాడు. ఓంప్రకాశ్ ఆ మాట సాగనివ్వలేదు. ముందేముందో తనే చూసుకుని, అడ్డం వస్తే తనే ఆగిపోయి, ఆ సంగతి తెలుగులో నోరు తెరిచి చెప్పే కారు కొనిపించాడు. ఇన్నేళ్లలో ఆయన మాట మీద ఒక మనిషి నిజంగా కొన్న మొట్టమొదటి బండి అదే. ఆ గర్వంతో వారం రోజులుగా ఆయన నేల మీద నడవడం లేదు.

భార్య అనసూర్య బయల్దేరే ముందే చెప్పేసింది. "ఇగో, గీ బండి మా తమ్మున్ని పరేషాన్ చేసిందనుకో, నువ్వు జిందగీల మళ్ల బండ్ల ముచ్చట తియ్యద్దు. ఒట్టు పెట్టు." ఆయన పెట్టాడు. అత్త రామవ్వ ఇంకో మెలిక వేసింది. "పదిన్నరకు రాహుకాలం. గంతలోపల బండి నిమ్మకాయలు తొక్కాలె. తొక్కలేదా, షోరూముకు వాపస్ ఇచ్చుడే."

పది గంటలకల్లా పూజ అయిపోయింది. పూజారి బానెట్ మీద కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాడు. రామవ్వ ఇంటి నుంచి తెచ్చిన బంతిపూల దండను, చెయ్యంత లావుదాన్ని, కారు ముందు భాగమంతా కప్పేలా వేలాడదీసింది. ఓంప్రకాశ్ బానెట్ మీద ఒక చెయ్యి వేసి, ఫొటోకు నిలబడ్డట్టు నిలబడ్డాడు. లక్ష్మణ్ స్టీరింగు ముందు కూర్చుని, దండం పెట్టుకుని యాక్సిలరేటర్ నొక్కాడు.

కారు కదల్లేదు. కుయ్ కుయ్‌మని కూసి, తియ్యటి ఆడగొంతుతో, "ఎదుట అవరోధం ఉన్నది. ముందుకు సాగుట సురక్షితం కాదు," అంది.

రామవ్వ గబుక్కున చేతులు జోడించింది. "ఎవరు తల్లీ మాట్లాడుతున్నది? అమ్మవారా?"

"బండే అత్తమ్మా. ముందట ఏదో అడ్డమున్నదట," అన్నాడు ఓంప్రకాశ్.

పూజారి పక్కకు జరిగాడు. కారు మళ్లీ అదే మాట అంది. కొబ్బరి చిప్పలు ఏరేశారు. మళ్లీ అదే మాట.

"ఏం లేదు గద బావా! వెనుకకు తియ్యన్నా?" అన్నాడు లక్ష్మణ్.

"కొత్త బండి మొదలే వెనుకకు పోతదారా? నోరు కడుక్కో!" అని రామవ్వ కసిరింది.

"గీ అడ్డం చూసుడు బంద్ చేసే బటన్ ఏడనో ఉంటది గదా బావా?"

ఆ బటన్ ఎక్కడుందో ఓంప్రకాశ్‌కు తెలియదు. అందుకే గొంతు పెంచాడు. "బంద్ ఎందుకు చేస్తవ్? మనిషి కండ్లు మోసం చేస్తయి గని కెమెరా చెయ్యది. మన కండ్లకు కనపడనిది గూడ దానికి కనపడ్తది!" అది ఆయన ఫోన్‌లో చదివిన మాటే. రాసినవాడు పొగమంచు గురించి రాశాడు.

పూజకు వచ్చిన జనానికి మంచు సంగతి తెలియదు కదా. కళ్లకు కనపడనిది అనగానే నలుగురు నాలుగడుగులు వెనక్కి వేశారు. "అయ్యో నా కొడుకా! ఎవ్వరి దిష్టి తాకిందో!" అని రామవ్వ పరుగెత్తి ఇంకో దండ కొనుక్కొచ్చి మొదటి దాని మీద వేసింది. నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చిన తాడు తెచ్చి సరిగ్గా నడిమధ్యలో కట్టింది. కారు ఈసారి ఇంకా గట్టిగా కూసింది.

"చూసిండ్రా, దిష్టి పెరుగుతున్నది!" అంది రామవ్వ.

ఇంతలో ఎవరో లింగవ్వట, చంకలో మనవణ్ణి తెచ్చి కారు ముందు పట్టుకుంది. "తల్లీ, వారం సంది పోరడు పాలు ముడుతలేడు. జర చూడు." కారు ఠక్కున, "ఎదుట అవరోధం ఉన్నది," అంది. లింగవ్వ ఘొల్లుమంది. ఆ తర్వాత ఆపేవాడెవడు? మోకాళ్ల నొప్పులవాడు, బోరులో నీళ్లు పడనివాడు, పిల్ల దొరకనివాడు వరుసగా నిలబడ్డారు. అందరికీ ఒకే జవాబు వచ్చింది. పిల్ల దొరకనివాడు మాత్రం, "గిది నాకు ముందే ఎరుక," అని వెళ్లిపోయాడు.

వెనక హుస్నాబాద్ నుంచి కొత్త ట్రాక్టరుతో వచ్చిన భూమన్న హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. "రాహుకాలం వస్తుంది! మీ అమ్మవారిని జర పక్కకు జరపుండ్రి!"

పదీ ఇరవై అయింది. లక్ష్మణ్ అబ్బాస్‌కు ఫోన్ కలిపాడు. ఓంప్రకాశ్ దాన్ని లాక్కుని ట్రాక్టరు చాటుకు పోయాడు. అనసూర్య చప్పుడు చేయకుండా వెనకే వెళ్లింది.

"ముంగట దండ ఏశిండ్రా సాబ్?" అడిగాడు అబ్బాస్.

"రెండు ఏసినం."

"మిరపకాయలు?"

"అవ్వి గూడ."

"యా అల్లా! అన్ని తీసెయ్యండ్రి. గంత దండ ముంగట ఊగుతుంటె దానికి గోడ ఉన్నట్టు అనిపిస్తది. గంతే."

ఓంప్రకాశ్ ఫోన్ పెట్టేశాడు. పూలదండకు బెదిరే బండి అని తెలిస్తే రామవ్వ దాన్ని క్షణం ఉంచదు. బండి పోతే ఒట్టు నిలబడుతుంది. జిరాక్స్‌కు వచ్చినవాడికి ఊరికే జిరాక్స్ ఇచ్చి పంపే బతుకు కళ్ల ముందు కనిపించి ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. తిరిగొచ్చి, "అబ్బాస్‌కు సమజ్ అయితలేదట," అని చెప్పి మళ్లీ బానెట్ ముందు నిలబడ్డాడు.

ఫోన్‌లో అబ్బాస్ మాట విన్న అనసూర్య నేరుగా వెళ్లి దండలూ మిరపకాయలూ ఊడదీసింది.

"దేవుని దండ కింద పెడ్తవా ఏంది!" అని రామవ్వ కేక వేసింది.

అనసూర్య అటూ ఇటూ చూసింది. దగ్గర్లో ఖాళీగా ఉన్న మెడ మొగుడిదొక్కటే. మొత్తం ఆయన మెడలో వేసి, రెక్క పట్టి పక్కకు లాగింది. లక్ష్మణ్ యాక్సిలరేటర్ నొక్కాడు. కారు హాయిగా కదిలి నాలుగు నిమ్మకాయలనూ చితక్కొట్టింది. పదీ ఇరవై ఎనిమిది.

జనంలోంచి మోకాళ్ల నొప్పులాయన వేలు చూపిస్తూ అరిచాడు. "అడ్డం దొరికింది! గీయననే! పక్కకు గుంజంగనే కదిలింది!"

రామవ్వ అల్లుడి దగ్గరికి వచ్చింది. "నిజం చెప్పు అల్లుడా. బండే తప్పు చెప్పిందా, నీ మీదనే ఏమన్న ఉన్నదా? బండిదే తప్పైతే ఇటు నుంచిటే షోరూముకు పోదం."

ఓంప్రకాశ్ పెళ్లాం వైపు చూశాడు. ఆమె నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లక్ష్మణ్ వైపు చూశాడు. బామ్మర్ది స్టీరింగును పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"బండి తప్పు చెప్పది అత్తమ్మా. నేనే అడ్డం."

పెళ్లయినప్పటి నుంచీ బండ్ల గురించి ఆయన ఇంత సూటిగా నిజం చెప్పడం ఇదే మొదటిసారని అనసూర్యకు అనిపించింది.

"ఏమనుకోకు బిడ్డా. ఇంటికి రా, కడుపునిండ పెడ్త. గీ బండి మాత్రం ఎక్కకు," అని చెప్పి రామవ్వ కారు తలుపు వేసుకుంది. కారు ఏ ఇబ్బందీ లేకుండా ఘాట్ రోడ్డు దిగిపోయింది. ఓంప్రకాశ్ దండలతోనే మెట్లు దిగి, రోడ్డు మీద మెట్‌పల్లి బస్సు ఎక్కి, డ్రైవరు వెనకే నిలబడి బండ్ల ముచ్చట తీశాడు.

జగిత్యాల రాకముందే డ్రైవరు బస్సు పక్కకు ఆపి ఆయన్ను చివరి సీటుకు పంపించాడు.