ఉత్తమ కాపురం

నగరంలో ఇళ్ళ కొరత పూర్తిగా తీరిపోయిందని, ఇప్పుడున్న కొరతల్లా వాటిలో ఉండే మనుషులదేనని నగర పెద్దలు సగర్వంగా ప్రకటించారు. ఈ ప్రకటన అక్షరాలా నిజం. సముద్రం ఒడ్డున లేచిన టవర్లలో ప్రతి ఫ్లాటూ అమ్ముడుపోయింది. కొన్నవారంతా విదేశాల్లో ఉంటారు. వారికి ఇల్లు కావాలి గానీ అందులో ఉండాల్సిన అవసరం లేదు. ఉండాల్సిన అవసరం ఉన్నవాళ్ళకు కొనే స్తోమత లేదు. ఇరుపక్షాలకూ ఇంత చక్కగా కుదిరిన ఏర్పాటు మరెక్కడా ఉండదని మా అభిప్రాయం.

అంతా సవ్యంగా సాగుతుండగా, ఒక పెట్టుబడిదారుగారు తాను కొన్న అంతస్తులను కళ్ళారా చూసుకుందామని విమానమెక్కి వచ్చారు. సాయంత్రం కారులోంచి తలెత్తి చూస్తే ఒక్క కిటికీలో దీపం లేదు, ఒక్క బాల్కనీలో ఆరేసిన బట్ట లేదు. ఆయన గుండె చెరువైంది. "నేను కొన్నవి ఇళ్ళా, సమాధులా?" అని అడిగి, జవాబు వినకుండానే తిరుగు విమానం ఎక్కేశారు. నగర పెద్దలకు ముచ్చెమటలు పట్టాయి. వారు వెంటనే సమావేశమై జీవకళ శాఖను నెలకొల్పారు.

శాఖవారి పథకం బహు తేలిక. ఎంపికైన కుటుంబాలు పొద్దున్నే వచ్చి, ఖాళీ ఫ్లాట్లలో కాపురం చేస్తున్నట్టు కనిపించి, చీకటి పడగానే దీపాలు వెలిగించి, రైలెక్కి తమ ఇళ్ళకు పోవాలి. ఆరేయడానికి తడిబట్టలు శాఖే ఇస్తుంది, సొంత బట్టలు నిషిద్ధం. కుక్కర్లో బియ్యం వేయరాదు, కూత మాత్రం రావాలి. సోఫాలో కూర్చోవచ్చు, సోఫా నలగకూడదు. పిల్లలు అల్లరి చేయాలి, గోడలు ముట్టుకోకూడదు. భార్యాభర్తలు రోజూ ఒకసారి బాల్కనీ తలుపులు తీసి పోట్లాడుకోవాలి. విషయం కర్టెన్ల రంగు. అంతకన్నా పెద్ద కష్టం లేని ఇల్లే కొనుగోలుదారులకు నచ్చుతుందని శాఖ అధ్యయనంలో తేలింది.

ఇలా ఎంపికైన వారిలో ఒక లిఫ్టు మెకానిక్కు కుటుంబం ఉంది. ఆయన అంతకుముందు ఆ టవర్లలోనే పనిచేసేవాడు. ఎక్కేవాళ్ళు లేక లిఫ్టులు పాడవడం మానేశాయి. అందుచేత ఆయన్ను మానిపించారు. ఆయన, భార్య, తల్లి, చిన్న కూతురు రైలు దారి చివర ఒక సందులో ఒకే గదిలో అద్దెకుంటున్నారు. ఆ గది కూడా చేజారితే నలుగురూ నాలుగు దిక్కులైపోతారన్న భయంతోనే ఈ కొలువులో చేరారు. పొద్దున్నే తమ గదికి తాళం వేసి, రైల్లో నిలబడి వచ్చి, ఎవరిదో ఇంట్లో నిశ్చింతగా ఉన్నట్టు నటించి, మళ్ళీ రైల్లో నిలబడి వెళ్ళేవారు.

ఒకరోజు కర్టెన్ల పోట్లాట మధ్యలో ఇల్లాలికి నిజంగానే ఒళ్ళు మండింది.

"కర్టెన్ల సంగతి తర్వాత చూద్దాం. మన గదికి అసలు కిటికీ ఉందా?"

"ఉందిగా!"

"దాన్ని కిటికీ అంటారా? ఎదురింటి గోడ కనపడే కన్నం అది! అత్తయ్య కాళ్ళు చాపితే పిల్ల కాళ్ళు ముడుచుకోవాలి. ఇంటాయన మళ్ళీ అద్దె పెంచుతాడట. మీకు నోట్లో నాలుక లేదా?"

"నన్నేం చెయ్యమంటావు? ఆయన కాళ్ళమీద పడమంటావా?"

"పడండి! రేపే పడండి!" అని ఆమె బావురుమంది.

కింద ఒడ్డున వాహ్యాళికి వచ్చినవాళ్ళు ఆగి, తలెత్తి విని, మురిసిపోయారు. ఇంత నిండైన కాపురం ఆ టవర్లలో ఎవరూ వినలేదు. ఆ వారంలోనే ఆ వరసలో ఫ్లాట్ల ధరలు ఆకాశాన్నంటాయి. అక్కడ తలా ఒక ఫ్లాటు ముందే కొనిపెట్టుకున్న మాబోటివాళ్ళం ఆ ఇల్లాలిని చల్లగా ఉండాలని మనసారా దీవించాం.

అయితే ఎంతటి కళాకారులకైనా పొరపాట్లు తప్పవు. మెకానిక్కు తల్లికి మధ్యాహ్నం పూట మంచం మీద పడుకున్నట్టు ఉండే బాధ్యత అప్పగించారు. తనిఖీకి వచ్చిన అధికారి ఆవిడ ముక్కు దగ్గర చెయ్యిపెట్టి చూసి నిర్ఘాంతపోయారు. ఆవిడ నిజంగా నిద్రపోతోంది. పైగా గురక.

"పెద్దమ్మా, ఇది నేరం! ఇవాళ నిద్రపోతారు, రేపు ఇల్లు నాదంటారు!"

"పడుకున్నట్టు నటించమన్నారు కదా బాబూ. మంచం మెత్తగా ఉంది, నటన సంగతే మర్చిపోయాను," అందావిడ, లేవడానికి మనసొప్పక.

విచారణ సంఘం కూర్చుని, నటనలో నిజం చొరబడటం ఇళ్ళ మార్కెట్టుకు ప్రమాదకరమని తేల్చింది. ఆవిడను మంచం మీంచి తప్పించి కుర్చీకి మార్చింది. కుర్చీ చెక్కది.

ధరల పెరుగుదలను మాత్రం ఎవరూ కాదనలేకపోయారు. ఆ ఏటి ఉత్తమ కాపురం బహుమతి మెకానిక్కు కుటుంబానికే వచ్చింది. సభలో శాఖాధ్యక్షులు గద్గద స్వరంతో ప్రసంగించారు. "సొంత ఇల్లుంటేనే సంసారమనే పాతకాలపు భావదారిద్ర్యాన్ని ఈ దంపతులు బద్దలుకొట్టారు! ఇల్లు అడక్కుండా ఇంటికి శోభ తెచ్చే ఇలాంటి పౌరులే ఈ నగరానికి ఊపిరి! వీరిని చూసి మిగతా పేదలు సిగ్గు తెచ్చుకోవాలి!" చప్పట్లతో సభ దద్దరిల్లింది. బహుమతిగా ఆ ఫ్లాటు ఫోటోనే పటం కట్టించి ఇచ్చారు.

"ఒరేయ్, దీన్ని ఎక్కడ తగిలిద్దాం? మన గోడకన్నా ఇదే పెద్దగా ఉంది," అంది తల్లి.

ఆవిడకు ఆ చింత ఎంతోకాలం మిగల్లేదు. ఒడ్డున భగ్గుమన్న ధరలు రైలు పట్టాల వెంబడి స్టేషను తరవాత స్టేషను దాటుకుంటూ చివరి సందు దాకా వచ్చాయి. ఎక్కడో చలిదేశంలో ఉద్యోగ విరమణ చేసిన బడిపంతుళ్ళ పింఛను నిధి ఆ సందును సాంతం కొనేసింది. పాపం వాళ్ళు చాలా మంచివాళ్ళు. జీవితమంతా పిల్లలకు నీతులు చెప్పినవాళ్ళు. ఇంటాయన కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ గది ఖాళీ చెయ్యమన్నాడు.

"నువ్వు నా కూతురులాంటిదానివి తల్లీ. కానీ ధర చూడు! అంతా మీ చలవే!"

సందు ఖాళీ అయ్యేసరికి పంతుళ్ళకూ సమాధుల బెంగ పట్టుకుంది. జీవకళ శాఖ వెంటనే పేదకళ విభాగాన్ని ప్రారంభించి, ఆ గదుల్లో ఉన్నట్టు కనిపించేందుకు అభ్యర్థులను పిలిచింది. ఈ కబురు వినగానే ఇల్లాలి ముఖం వికసించింది. "ఏమండీ, ఇది మనదే! పగలైనా మనింట్లో మనం ఉండొచ్చు. రాత్రి సంగతి దేవుడెరుగు," అంది. ఉత్తమ కాపురం బహుమతి పొందినవాళ్ళు, ఆ గదిలోనే పిల్లను కని పెంచినవాళ్ళు. వాళ్ళకు కాక ఇంకెవరికి వస్తుంది?

ఎంపిక ఆ గదిలోనే జరిగింది. న్యాయనిర్ణేతలు వరుసగా కుర్చీలు వేసుకు కూర్చునేసరికి కుటుంబానికి నిలబడే చోటు లేకపోయింది. అయినా ఇల్లాలు పొయ్యి దగ్గర ఇమిడిపోయింది, తల్లి గోడకు ఆనుకుంది, పిల్ల మామూలుగా కాళ్ళు ముడుచుకుంది, మెకానిక్కు బయటినుంచి తల వంచుకుని లోపలికి వచ్చాడు. న్యాయనిర్ణేతలు పెదవి విరిచారు. ఇంటి పెద్ద అలా తల వంచి వస్తే గుమ్మం పొట్టిదని కొన్నవాళ్ళకు తెలిసిపోదా? పైగా నలుగురి ముఖాల్లోనూ ఇల్లు పోతుందేమోనన్న బెదురు కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. ఇల్లున్నవాళ్ళ ముఖాలు అలా ఉండవు. ఈ గదిలో వీళ్ళు ఏమాత్రం సహజంగా లేరని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఇల్లాలు పొయ్యి దగ్గరనుంచి లేవలేదు. "ఇంకొక్కసారి చేసి చూపిస్తామండీ," అంది. తర్వాతి అభ్యర్థులు అప్పటికే గుమ్మంలో నిలబడి ఉన్నారు. వాళ్ళు నగరంలో రెండు మూడు సొంత ఇళ్ళున్న దంపతులు, కాలక్షేపం కోసం వచ్చారు. వాళ్ళ ముఖాల్లో నిశ్చింత ఎంత సహజంగా పలికిందంటే, నోరు విప్పకముందే ఎంపికైపోయారు.

మెకానిక్కు కుటుంబం ఇప్పుడు ఎక్కడుందని మీరు అడుగుతారేమోనని ఇందాకటినుంచి ఎదురుచూస్తున్నాను. మీరు అడగబోతున్నది అది కాదని మీ ముఖం చూస్తేనే తెలుస్తోంది. ఉన్నాయండీ, ఆ సందులో పంతుళ్ళ నిధి తిరిగి అమ్ముతున్న గదులు ఇంకా ఒకటి రెండు మిగిలున్నాయి. బ్రోకరు నంబరు రాసుకోండి.