పాపాయి నిద్రపోతోంది, దయచేసి గోల చేయండి

నిశ్శబ్దం ఆరోగ్యానికి హానికరం!

సిగరెట్ పెట్టె మీద రాయాల్సిన మాటను నిశ్శబ్దానికి అంటగడుతున్నాడేమిటని కంగారు పడకండి. నేను పూర్తి స్పృహలోనే ఉన్నాను. పైవాటాలో డ్రిల్లింగ్ మెషీన్, ఎదురింట్లో టీవీ, వీధిలో స్టార్టవనని మొరాయించే స్కూటరు... వీటిని శబ్ద కాలుష్యమంటూ ఆడిపోసుకునేవాళ్ళంతా చెంపలు వేసుకోవాల్సిన సమయం వచ్చింది. అవి కాలుష్యం కావు మహాశయులారా, జోలపాటలు!

నమ్మరా? అయితే మైకు సంగతి వినండి.

మైకు అంటే బస్‌స్టాండులో బస్సుల రాకపోకలు చెప్పే అనౌన్సరు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఇప్పుడు ఆయనే పలకడు. కరెంటు పోయినా సరే, చివరి ప్లాట్‌ఫారం మీద కునుకు తీసే ప్రయాణికుణ్ణి కూడా లేపి బస్సెక్కించగల గొంతు ఆయనది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ‘ఆలస్యంగా బయలుదేరును’ అనే మాట ఎన్ని లక్షల సార్లు అన్నాడో లెక్కలేదు. ముందుగా వచ్చిన బస్సును మాత్రం కంటితో చూసి ఎరగడు.

అలాంటివాడికి పుట్టిన కూతురు నెలల ముందే వచ్చేసింది!

మూర కూడా లేని పిల్ల. తీసుకెళ్ళి గాజుపెట్టెలో పెట్టారు. ఊపిరికో గొట్టం, పాలకో గొట్టం. మైకూ, టీచరు ఉద్యోగానికి సెలవు పెట్టిన ఆయన భార్యా గొడుగులు వేసుకుని ఆసుపత్రికి వెళ్ళడం మొదలుపెట్టారు. స్వెట్టర్లు వేసుకునే కాలం వచ్చినా ఇంకా వెళ్తూనే ఉన్నారు. ఒకరోజు ఆశ, ఒకరోజు భయం. పిల్ల మాత్రం ఇవేవీ పట్టించుకోకుండా పిట్ట గింజలు ఏరుకున్నట్టు గ్రాము గ్రాము కూడబెట్టుకుంది.

చివరికి ఒకరోజు డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ చల్లని కబురు చెప్పారు.

“ఇంటికి తీసుకెళ్ళొచ్చు. చేతులు కడుక్కోకుండా ఎవర్నీ ముట్టుకోనివ్వకండి. మరీ గోల లేకుండా చూసుకోండి. బరువు తగ్గితే మాత్రం మళ్ళీ ఇక్కడికే రావాలి.”

ఆ ‘మళ్ళీ ఇక్కడికే’ అన్న మాట మైకు గుండెల్లో గుచ్చుకుంది. ఇక డాక్టరు గోరంత చెప్పినదాన్ని ఆయన కొండంత చేశాడు.

ముందు కాలింగ్ బెల్లు వైరు కోసేశాడు. తలుపు బందులకు వంటనూనె పోశాడు. కుక్కరును అటకెక్కించాడు. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోందని బ్యాటరీ పీకేశాడు. వాళ్ళమ్మకు చెవుడు. గట్టిగా చెబితే తప్ప వినపడదు. ఇంట్లో గట్టిగా మాట్లాడటం నిషేధం కాబట్టి ఆవిడతో మాట్లాడటమే మానేశారు. “ఏమిట్రా, నామీద గానీ అలిగారా?” అని పెద్దావిడ బెంగగా అడిగితే, మైకు చేతులు తిప్పుతూ సైగలతో సముదాయించాడు. ఆ సైగలు ఆవిడకు ఎలా అర్థమయ్యాయో గానీ, ఆ పూట రెండోసారి అన్నం వడ్డించుకు తినేసింది పాపం.

తర్వాత ఇరుగుపొరుగు మీద పడ్డాడు. బస్‌స్టాండును దద్దరిల్లించే మనిషి ఇంటింటికీ వెళ్ళి గుసగుసగా బతిమాలుకుంటుంటే ఎవరి మనసు కరగదు చెప్పండి?

పైవాటా వడ్రంగి డ్రిల్లింగ్ మెషీన్ అక్కడికక్కడే కింద పెట్టేశాడు. “పాపాయి ఇంటికొస్తోందా! ఆ మాట ముందు చెప్పవేం తమ్ముడూ!” అన్నాడు. సగం బిగించిన బీరువా తలుపు ఒంటి మేకు మీద వేలాడుతూ ఉండిపోయింది. కిందవాటా తాతగారు తన ముసలి స్కూటరును స్టార్టు చేయకుండా వీధి మలుపు దాకా తోసుకెళ్ళడం మొదలుపెట్టారు. ఆయాసంతో మలుపు దగ్గర కూలబడి, బండి ఎక్కే ఓపిక లేక మళ్ళీ ఇంటికే తోసుకొచ్చేవారు. ఎదురింటి పిన్నిగారు టీవీ నోరు నొక్కేసి సీరియల్ చూడసాగారు. “మాటలు వినపడకపోతేనేం నాయనా, ఎవరు ఎవర్ని ఏడిపిస్తున్నారో మొహాలు చూస్తే తెలుస్తూనే ఉంది” అన్నారు.

ఇంత మంచి ఇరుగుపొరుగు దొరకడం ఎంత ప్రమాదమో మైకుకు అప్పటికింకా తెలీదు.

పాపాయి వచ్చింది. దారి పొడుగునా హారన్లు, బ్రేకుల కీచులు, టాక్సీ డ్రైవరు పక్కబండివాడి ఏడు తరాలనూ తలుచుకున్న తిట్లు. పాపాయి నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోయింది. ఇంట్లోకి తెచ్చి, నూనె తాగిన తలుపు చప్పుడు కాకుండా మూసి, ఉయ్యాల్లో పడుకోబెట్టారు.

సూది పడితే వినపడేంత నిశ్శబ్దం.

పాపాయి కళ్ళు తెరిచింది. అటూ ఇటూ చూసింది. పెదవి విరిచింది. ఆ తర్వాత ఎత్తుకున్న రాగం చూసి, తండ్రి గొంతు వారసత్వంగా వచ్చిందన్న విషయంలో ఎవరికీ అనుమానం మిగల్లేదు.

పాలు పట్టబోతే తాగలేదు. బట్టలు మార్చారు, భుజాన వేసుకున్నారు, ఊపారు. ఊహూఁ. మధ్యాహ్నం మొదలైన ఏడుపు ఎండ వాలేసరికి కూడా ఆగలేదు. ఎర్రబడిన మొహం పాలిపోవడం మొదలైంది. “పొద్దుట్నుంచీ చుక్క తాగలేదండీ, ఇలాగైతే బరువు...” అని టీచరమ్మ గుసగుసగా అని, ఆ మాట పూర్తి చేయడానికి భయపడి ఆపేసింది.

మైకు ఆసుపత్రికి ఫోన్ చేసి, ఇద్దరికీ వినపడాలని స్పీకర్ ఆన్ చేశాడు.

“హలో, ఎవరు?” అంది వార్డు సిస్టరు. ఆమె వెనక నుంచి టింగ్ టింగ్ మని ఒక యంత్రం, బుస్సుమని ఇంకో యంత్రం, ఎవరో స్టీలు ట్రే ఈడ్చిన చప్పుడు.

పాపాయి ఠక్కున ఏడుపు ఆపేసింది.

“హలో! ఎవరండీ? మాట్లాడరేం?”

మైకు ఫోనును ఉయ్యాలకు దగ్గరగా పట్టుకున్నాడు. పాపాయి ఫోను వైపే చూస్తోంది. ఎక్కడో దూరాన సొంతవాళ్ళ పిలుపు విన్నట్టు.

“నాకిక్కడ బోలెడు మంది పిల్లలున్నారు బాబూ!” అని సిస్టరు పెట్టేసింది. పాపాయి మళ్ళీ అందుకుంది.

మైకు మళ్ళీ చేశాడు. “ఏం లేదు సిస్టర్, ఆ ఫోను అలా బల్ల మీద ఉంచేసి మీ పని మీరు చూసుకోండి, చాలు” అన్నాడు. నిద్రలేక మనిషికి మతి చలించిందనుకుందో ఏమో, “మీరు కాసేపు నడుం వాల్చండి బాబూ” అని ఆమె జాలిగా ఫోను పెట్టేసింది.

అప్పుడు తెలిసొచ్చింది మైకుకు. ఈ పిల్ల పుట్టాక నిశ్శబ్దమన్నది వినలేదు! యంత్రం చప్పుడు ఆగితే డాక్టర్లూ సిస్టర్లూ పరిగెత్తుకొచ్చే చోట పెరిగిన పిల్ల. నిశ్శబ్దమంటే దానికి ప్రశాంతత కాదు, ప్రమాదం.

మెట్లు మూడేసి చొప్పున ఎక్కి వడ్రంగి తలుపు తట్టాడు.

“అన్నా, కాస్త డ్రిల్లింగ్ పెట్టవా?”

“ఏంటి తమ్ముడూ, ఎగతాళా?”

“నీ పుణ్యముంటుంది, పెట్టన్నా!”

“ఎక్కడ పెట్టను?”

“ఎక్కడైనా పెట్టు! చెక్కకు పెట్టు, గోడకు పెట్టు!”

పిన్నిగారైతే టీవీ వాల్యూమ్ పెంచమనగానే, మైకు నుదుటి మీద చెయ్యి వేసి జ్వరం చూశారు. అయినా పెంచారు. పైన డ్రిల్లు గుర్రుమంది. ఎదురుగా సీరియల్ అత్తగారు గర్జించింది. కింద తాతగారు స్కూటరును తన్నడం మొదలుపెట్టారు. పాపాయి వెక్కిళ్ళు పెడుతూ పెడుతూ పాలు తాగి, గుప్పిట్లు వదిలేసి నిద్రపోయింది.

ఇప్పుడు చెప్పండి, గోల వరమా, కాదా?

ఆ రోజు నుంచీ ఆ భవనంలో పాపాయి తప్ప ఎవరూ నిద్రపోలేదు. వడ్రంగి బీరువాకు కావలసిన కన్నాలన్నీ పెట్టేసి, అక్కర్లేని కన్నాలు పెట్టసాగాడు. బీరువా జల్లెడైపోయింది. ఏళ్ళ తరబడి తన్నులు తిన్నా కదలని తాతగారి స్కూటరు, సరిగ్గా చప్పుడు కావలసి వచ్చినప్పుడు ఒక్క తన్నుకే స్టార్టయి సద్దుమణగడం మొదలుపెట్టింది. పాపం ఆయన దాన్ని ఆపి మళ్ళీ తన్నేవారు. చెవుల్లో దూది పెట్టుకుని మరీ గోల చేసే ఇరుగుపొరుగును మీరెక్కడైనా చూశారా? పాపాయి మాత్రం బుగ్గలు పెంచుకుంది.

అయితే, ఇంత గొప్ప వరం దొరికిన ఇంట్లో ఒక మనిషి మొహంలో మాత్రం నవ్వు లేదు.

ఒక మధ్యాహ్నం పాపాయి పైకప్పులోంచి వచ్చే డ్రిల్లు చప్పుడును పరవశంగా వింటుంటే, టీచరమ్మ ఉయ్యాల పక్కన కూర్చుని అంది. అలవాటు చొప్పున గుసగుసగానే.

“డ్రిల్లు గొంతు గుర్తుపట్టింది. స్కూటరు గొంతు గుర్తుపట్టింది. నేను పలకరిస్తే మాత్రం ఎవరో పరాయిదాన్ని చూసినట్టు చూస్తోందండీ.”

ఏ బస్సు ఎప్పుడొస్తుందని ఎవరడిగినా తడుముకోకుండా చెప్పే మైకు ఉయ్యాల తాడు సవరించసాగాడు.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

డ్రిల్లు ఆగింది. టీవీ ఆగింది. తాతగారు పెట్రోలు కోసం బంకుకు వెళ్ళారు. నిశ్శబ్దం! పాపాయి ఉలిక్కిపడి లేచి రాగం అందుకుంది. మైకు కంగారుగా వంటింట్లోకి పరిగెత్తి, పళ్ళెమూ గరిటే పట్టుకొచ్చి, ఉయ్యాల మీదికి వంగి టంగుమని ఒక్కటి కొట్టాడు.

“ఆపండి!” అంది టీచరమ్మ.

మైకు చేతిలో గరిటె ఆగిపోయింది. నెలల తర్వాత ఆవిడ గొంతెత్తడం అదే మొదలు.

“పళ్ళెం కొడతారా? పళ్ళెం! ఇంకేం మిగిలింది, డప్పులు కూడా తెప్పించండి! అసలు బెల్లు వైరు కొయ్యమని ఎవరడిగారు మిమ్మల్ని? మీ అమ్మగారితో మాటలు మాన్పించారు, ఆవిడేమో అదంతా నా పని అనుకుంటోంది! ఇంట్లో ఇలా, అక్కడ అలా! ఆసుపత్రిలో నోరు విప్పితే ‘ష్’! పాట పాడబోతే ‘ష్’! పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు రానిచ్చి, బుడ్డీ అని పిలిస్తే ‘మిగతా పిల్లలు లేస్తారమ్మా’ అంటారా? ఆ మిషన్లు కుయ్యోమని మొత్తుకుంటుంటే లేవని పిల్లలు నేను పిలిస్తే లేస్తారా? రోజంతా అద్దానికి ఇవతల నిలబడి మూగదానిలా పెదాలు కదిపాను. వాళ్ళమ్మ చేప అనుకుని ఉంటుంది అది!”

ఊపిరి తీసుకోవడానికి ఆగింది. పాపాయి ఏడుపు లేదు. ఎప్పుడు ఆపిందో ఎవరూ గమనించలేదు. తల పూర్తిగా ఇటు తిప్పి, నోరు సున్నాలా పెట్టి తల్లి మొహం వైపే చూస్తోంది.

“ఆపకు!” అన్నాడు మైకు.

“ఏంటి ఆపకుండా ఉండేది?”

“తిట్టు. ఇంకా తిట్టు. అటు చూడు.”

చూసింది. అంతే. ఇన్నేళ్ళ కాపురంలో ఏనాడూ కరువు రాని తిట్లు, అవసరమైన క్షణంలో ఒక్కటీ గుర్తు రాలేదు. పాపాయి పెదవి మళ్ళీ విరవబోయింది.

“నీ పుట్టినరోజు మర్చిపోయాను, గుర్తుందా?” అని అందించాడు మైకు.

“ఒక్క పుట్టినరోజేనా!” అని ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ అందుకుంది. పిల్లను ఒళ్ళోకి తీసుకుని, పాలిస్తూ, పెళ్ళిచూపుల నాటి నుంచి వరసగా మొదలుపెట్టింది. మైకు తప్పులు అయిపోయాక (అవి ఒక పట్టాన అయిపోలేదనుకోండి) ఆడపడుచుల మీదికి వెళ్ళింది. పాపాయి తాగుతూ తాగుతూ మధ్యలో ఆగి తల్లి మొహం చూస్తోంది, మళ్ళీ తాగుతోంది.

మూల కుర్చీలోంచి మైకు వాళ్ళమ్మ తృప్తిగా నిట్టూర్చింది. “హమ్మయ్య! ఇన్నాళ్ళకి ఈ ఇంట్లో ఒక మనిషి వినపడేలా మాట్లాడింది. కానివ్వమ్మా! వీడి చిన్నప్పటి సంగతులు కావాలంటే నేనందిస్తా.”

కరెంటు వచ్చాక వడ్రంగి మెట్ల మీంచి వంగి చూశాడు. “మొదలెట్టనా తమ్ముడూ?”

“వద్దన్నా” అన్నాడు మైకు. “ఇక్కడ తిట్లు నడుస్తున్నాయి.”

కాబట్టి పాఠకులారా, గోల వరమన్న నా మాటకు ఇప్పటికీ కట్టుబడే ఉన్నాను. కాకపోతే ఆసుపత్రుల పెద్దలకు ఒక చిన్న సందేహం విన్నవించుకుంటాను. మీరు ఆ పిల్లను బతికించారు. మీ చేతులకు మైకు కుటుంబం రోజూ దణ్ణం పెట్టుకుంటోంది, నేనూ పెడుతున్నాను. కానీ మీ యంత్రాలకు రాత్రింబవళ్ళు లోపలే కాపురం. ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు అరుస్తాయి, ఎవరూ వాటిని ‘ష్’ అనరు. వాటికి ఆ పిల్లలతో ఏం చుట్టరికమో నాకు తెలీదు. కన్నతల్లికి మాత్రం విజిటింగ్ అవర్స్!

ప్రతి గాజుపెట్టె పక్కనా ఒక కుర్చీ వేయించండి. తల్లి వచ్చి కూర్చుంటుంది. కబుర్లు చెబుతుంది, కూనిరాగం తీస్తుంది, తీరిక దొరికితే మొగుణ్ణి నాలుగు తిడుతుంది. కుర్చీతో మీకే ఇబ్బందీ ఉండదు. దానికి అలారం లేదు, ఆపరేటరు అక్కర్లేదు. ఆఖరికి ప్లగ్గు కూడా అక్కర్లేదు.