సుదర్శన్ ప్రకటించిన ఉత్తమ ఆట, నవనీత ప్రకటించిన చెత్త ఆట

ఫోన్లో గేమ్స్ ఆడేవాళ్ల వల్లే ఈ దేశంలో సంసారాలు నిలబడుతున్నాయి!

అవును, సరిగ్గానే చదివారు. కళ్లద్దాలు తుడుచుకోనక్కర్లేదు. గేమ్స్ వల్ల కళ్లు పోతాయి, మెడలు వంగిపోతాయి, మనుషులు మూగవాళ్లవుతారు అని ఉపన్యాసాలిచ్చే పెద్దలందరినీ ఓసారి గద్వాల బస్సెక్కించాలి. చేనేత వీధిలో సుదర్శన్ ఇంటి ముందు గంటసేపు నిలబెట్టాలి. ఆ ఇంట్లో అరుపుల్లేవు, అలకల్లేవు. భార్యాభర్తల మధ్య మాటా మాటా పెరగడమన్నది ఈ ఏడాదంతా ఒక్కసారీ జరగలేదు. పెరగాలంటే ముందు మాటంటూ ఉండాలి కదా!

సుదర్శన్ పాతికేళ్లుగా మగ్గం మీద ఉన్న మనిషి. అంచు నేస్తే అతనే నేయాలని వీధంతా ఒప్పుకుంటుంది. అయితే అది అతని చిన్న హోదా. ఏటా డిసెంబరు నెలాఖరున, ఆ ఏడాది తాను ఆడిన వీడియో గేముల్లో మంచివేవో చెత్తవేవో తేల్చి ప్రకటించే ఏకసభ్య జ్యూరీ కూడా అతనే. సభ లేదు, శాలువా లేదు. చీర డిజైన్లు గీసుకునే గళ్ల కాగితం మీద ఎర్ర పెన్నుతో జాబితా రాసి, మగ్గం పక్క గోడకు గుచ్చుతాడు.

ఆ గోడకు పాఠకులు ఇద్దరే. ఒకరు ఆత్మకూరు దగ్గర పల్లి చేను చేసుకునే దోస్తు యాదయ్య. ఫొటో తీసి పంపితే అతను చదువుతాడు. రెండోవారు భార్య నవనీత. ఆమె చదవక చేసేదేం లేదు, రోజంతా ఆ గోడకు ఎదురుగానే కూర్చుంటుంది.

ఎందుకు కూర్చుంటుందంటారా? గద్వాల చీరకు నడుమ నూలు, అంచు పట్టు. రెండింటినీ నేస్తూ నేస్తూనే కలపాలి. ఇటునుంచి ఒకరు దారపు కండె పెట్టిన నాడె విసిరితే, అంచు దగ్గర కూర్చున్న ఇంకొకరు దారానికి దారం మెలిపెట్టి తమ నాడె విసరాలి. రెండో మనిషి లేకపోతే ఆ మగ్గం మంచమంత పనికి కూడా రాదు. సుదర్శన్ మగ్గానికి ఆ రెండో మనిషి పద్నాలుగేళ్లుగా నవనీతే.

ఇక ఈ ఏడాది జాబితాకు వద్దాం.

మంచివాటిలో మొదటిది 'కోటవీరులు'. జట్టుగా ఆడే యుద్ధం. సుదర్శన్, యాదయ్య ఒకే జట్టు. ఒకరు గద్వాలలో, ఒకరు ఆత్మకూరులో, ఇద్దరూ కలిసి ఎవరిదో కోట మీద! జ్యూరీ వ్యాఖ్య కాగితం మీదే ఉంది: "దోస్తానా అంటే గిట్లుండాలె. ఒకడు పడితే ఇంకొకడు లేపాలె." ఇంత గొప్ప నీతిని ఏ పాఠ్యపుస్తకం నేర్పింది చెప్పండి?

రెండోది 'పచ్చని పల్లె'. ఇది యాదయ్య సిఫారసు. "అండ్ల బోరు ఎండదన్నా! వేలుతోని ఒత్తితే వాన పడ్తది," అని అతను ఫోన్ చేసి మరీ చెప్పాడు. పాపం యాదయ్య నిజం చేను గట్టు మీద, నిజం మోటరు పక్కన కూర్చుని, ఫోన్లో ఉన్న చేనుకు నీళ్లు కడుతుంటాడు. ఆ చేనులోకి అడవి పందులు రావు. చీడ పట్టదు. ఒకరోజు ఫోన్లో కలుపు తీస్తూ మైమరచిపోయిన వేళ, నిజం చేనులోకి పక్కవాళ్ల బర్రె వచ్చి నాలుగు సాళ్లు నున్నగా మేసి వెళ్లింది. బర్రె దగ్గర ఫోన్ లేకపోవడం వల్ల వచ్చిన నష్టమది. ఇందులో గేమ్ తప్పేముంది?

చెత్తవాటిలో ఒకటే పేరు ఉంది, దాని కింద రెండు గీతలున్నాయి. 'దారం ముడి'. చిక్కుపడ్డ రంగు దారాలను వేలితో లాగి విడదీయాలి. పాతికేళ్లుగా నిజం దారాల చిక్కులు తీస్తున్న సుదర్శన్ ఈ గేములో తొమ్మిదో లెవెల్ దగ్గర ఇరుక్కుపోయాడు. నాలుగు రోజులు ఇరుక్కుపోయాడు! ఐదో రోజు పొద్దున నవనీత ఛాయ్ ఇచ్చి, అతని భుజం మీదుగా తొంగిచూసి, పసుపంటిన వేలితో మూడు దారాలు లాగింది. అన్నీ విడిపోయాయి. తెర మీద పువ్వులు రాలాయి. అదే పూట 'దారం ముడి' చెత్త గేమని తీర్పు వెలువడింది. జ్యూరీ నిష్పాక్షికతను శంకించడం మర్యాద కాదు.

ఇంతటి జ్యూరీకి ఈ డిసెంబరు చివర్లో ఒక చిక్కు వచ్చింది. మగ్గం మీద ఒక చీర ఉంది. పసుపు చీర, చిలకపచ్చ అంచు. షావుకారు ఆర్డరు కాదు, నవనీత కోసం నేస్తున్నది. "ఈ యేడు నీకొకటి నేస్త" అని సుదర్శన్ పద్నాలుగేళ్లుగా అంటూనే ఉన్నాడు. అన్నేళ్లూ ఊరి పెళ్లికూతుళ్లకు చీరలు నేసిన నవనీత ఒంటి మీదికి ఒక్క గద్వాల చీరా రాలేదు. ఆమె చెల్లెలు రోజా పెళ్లి జనవరి మొదటి వారంలో వనపర్తిలో. ఆ పెళ్లికి ఈ చీర కట్టుకోవాలని నవనీత ఆశ. మామూలు ఆశ కాదు, రంగులు తానే ఎంచుకుంది, జాకెట్టు ముందే కుట్టించుకుంటోంది. చీరకు ఇంకా కొంగు మిగిలి ఉంది.

అక్కడ 'కోటవీరులు'లో కూడా ఒక మెట్టు మిగిలి ఉంది! ఇంకొక్క ఆట గెలిస్తే సుదర్శన్‌కు 'మహావీర' బిరుదు వస్తుంది. గడువు డిసెంబరు ముప్ఫై ఒకటి మధ్యాహ్నం పన్నెండు గంటలు. కొంగు రేపు కూడా నేయవచ్చు. బిరుదు రేపు వస్తుందా? మీరే ఆలోచించండి.

ముప్ఫై ఒకటి పొద్దున పదకొండింటికి నవనీత దొడ్డివాకిలి నుంచి బయటికి వెళ్లింది. జాకెట్టు తెచ్చుకుని, కూరగాయలు కొనుక్కుని గంటలో వస్తానంది. సుదర్శన్‌కు దారి క్లియరయింది. ఒక్క అడ్డంకి తప్ప.

ఆ అడ్డంకి పేరు జములమ్మ, సుదర్శన్ తల్లి. ముందువైపు అరుగు మీద కూర్చుని కండెలకు దారం చుడుతుంటుంది. కళ్లకు శుక్లాలు. కానీ చెవులు మాత్రం మనిషిలో మిగిలిన బలమంతా అక్కడికే చేరినట్టుంటాయి. మగ్గం రెండు నిమిషాలు ఆగితే చాలు, "ఏందిరా, ఆగింది?" అని కేక వేస్తుంది. చప్పుడు నడుస్తుంటే కొడుకు పని చేస్తున్నట్టు, ఆగితే ఇల్లు మునుగుతున్నట్టు ఆమె లెక్క.

మహావీరుడు కాబోయేవాడికి ముందుచూపు ఉండదా? సుదర్శన్ వారం ముందే, తానూ నవనీతా నేస్తున్నప్పుడు, పాత ఫోన్ను మగ్గం కింద పెట్టి గంటసేపు ఆ చప్పుడంతా రికార్డు చేసి ఉంచాడు. ఇప్పుడు దానికి స్పీకర్ తగిలించి, సౌండ్ పూర్తిగా పెంచి, ఆన్ చేశాడు. టకటక మగ్గం మోగింది. అరుగు మీద జములమ్మ తృప్తిగా ఇంకో కండె అందుకుంది. సుదర్శన్ కొత్త ఫోన్ తీసి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని యుద్ధంలోకి దిగాడు.

టెక్నాలజీని చేనేతకు ఇంత చక్కగా వాడినవారు ఇంకెవరైనా ఉన్నారా?

నవనీత సంచీతో తిరిగొస్తూ వీధి మలుపు దగ్గరికి చేరేసరికి పక్కింటి స్వరూప ఎదురై, తేరిపార చూసింది.

"నవనీతా, నువ్వు గీడున్నవేంది?"

"జాకెట్ తెస్తందుకు పోయిన. ఏమాయె?"

"మరి మీ మగ్గం మీద ఎవరున్నరు?"

నవనీత చెవి ఒగ్గింది. అది తమ మగ్గం చప్పుడే, అనుమానం లేదు. ఆ వీధిలో ఏ మగ్గం ఎట్లా మోగుతుందో అందరికీ తెలుసు. మొదట సుదర్శన్ నాడె. ఆ వెంటనే రెండో నాడె! దాని వెనకే గలగలమని గాజులు!

"నా జాగల కూసున్నదెవరు?" అని నవనీత సంచీని నడుముకు బిగించింది. రెండు టమాటాలు కింద పడ్డా వెనక్కి చూడలేదు. స్వరూప కూడా వెంట నడిచింది, చూడాలని కాదు, తోడుగా ఉందామని.

చూశారా మహావీరుడి పొరపాటు! మగ్గం మోగితే చాలనుకున్నాడు. అది ఇద్దరు మనుషుల చప్పుడన్న సంగతి అతనికి తట్టలేదు. పద్నాలుగేళ్లుగా పక్కన మోగుతున్న గాజులు అతని చెవికి మగ్గంలో ఒక భాగమైపోయాయి.

లోపలికి వచ్చి చూస్తే మగ్గం కదలడం లేదు. నవనీత స్థానం ఖాళీగా ఉంది. సుదర్శన్ మాత్రం మగ్గం గుంటలో కాళ్లు వేలాడేసుకుని, ఫోన్ మీదికి వంగి, లోకమంతా మరచి మాట్లాడుతున్నాడు.

"యాదన్నా, భయపడకు! నీ ఎన్క నేనున్న! దెబ్బ తాకిందా? యాడ తాకింది? జర కూసో, మందు నేను తెస్త. నీకు పానం తక్కువున్నది, ఫస్ట్ నువ్వు తిను. నాది తర్వాత చూసుకుందం!"

నవనీత గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ఈలోగా స్పీకర్‌లోంచి ఆమె గొంతే వినిపించింది.

"రోజా ఫోన్ చేసింది. ఏ చీర కట్టుకుంటవక్కా అని అడుగుతుంది. పెండ్లి వరకు అయితదా ఇది?"

"ఊ," అంది స్పీకర్‌లో సుదర్శన్ గొంతు.

టకటక కొంతసేపు మగ్గం నడిచింది. మళ్లీ ఆమే. "పొద్దటి సంది చెయ్యి గుంజుతుంది. జర ఆగుదమా?"

"ఊ."

మగ్గం ఆగలేదు. గాజులు మోగుతూనే ఉన్నాయి.

"నేనొక్కదాన్నే మాట్లాడుతున్నట్టున్నది. ఇంటున్నవా?"

"ఊ."

స్వరూపకు ఉన్నట్టుండి పొయ్యి మీది పాలు గుర్తొచ్చి వెళ్లిపోయింది. నవనీత అరవలేదు. సంచీ కింద పెట్టి, గుమ్మానికి ఆనుకుని మిగిలినదంతా విన్నది. అంతసేపట్లో ఆమె ఎన్నో సంగతులు చెప్పింది, ఎన్నో అడిగింది. అతను మొత్తం పదకొండుసార్లు 'ఊ' అన్నాడు. ఆమెకు కోపం కంటే సిగ్గేసింది, వినేవాడు లేని చోట ఇంతకాలం ఇన్ని మాటలు మాట్లాడానా అని.

"గెలిచినం!" అని సుదర్శన్ చేయి పైకెత్తాడు. తెర మీద బంగారు కిరీటం మెరిసింది. ఇయర్‌ఫోన్లు తీసి తల తిప్పితే ఎదురుగా నవనీత ఉంది.

"నీకు గిన్ని మాటలొచ్చా?" అని అడిగింది ఆమె.

సుదర్శన్ నోరు తెరిచాడు. అలవాటుగా రాబోయిన అక్షరం ఒకటి గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. నవనీత గోడ దగ్గరికి వెళ్లి, ఎర్ర పెన్ను తీసుకుని, 'దారం ముడి' కొట్టేసి, కింద ఏదో రాసి వంటింట్లోకి వెళ్లిపోయింది. సరిగ్గా అప్పుడే రికార్డింగ్ కూడా అయిపోయింది.

"ఏందిరా, ఆగింది?" అని అరుగు మీంచి జములమ్మ కేకేసింది.

సుదర్శన్ లేచి గోడ మీది కాగితం చదివాడు. 'ఏడాది చెత్త ఆట: ఊ. ఆడేది: సుదర్శన్. లెవెల్: పద్నాలుగు.'

ఇప్పుడు చెప్పండి, గేమ్స్ వల్ల మేలా, కీడా? ఆ మనిషిది పుట్టుకతోనే తక్కువ మాటలని నవనీత పద్నాలుగేళ్లు సర్దుకుపోయింది. అతనికి ఓదార్చడం వచ్చని, ధైర్యం చెప్పడం వచ్చని, తన ముద్ద ఎదుటివాడికి ఇవ్వడం కూడా వచ్చని ఆమెకు తెలిసింది ఆ గేమ్ వల్లనే కదా! ఎక్కడో ఆత్మకూరులో ఒక బొమ్మకు దెబ్బ తగిలితే "జర కూసో" అన్న నోరు, మూరెడు దూరంలో చేయి నొప్పి అన్న మనిషితో ఆ మాట అనలేకపోయింది. దీనికి ఫోన్ను తిడితే ఫోన్ ఏడుస్తుంది. ఫోన్లు రాకముందు కూడా అతను 'ఊ' అనే అనేవాడు, అప్పుడు చెప్పుకోవడానికి సాకు లేదు, అంతే తేడా.

సుదర్శన్ మగ్గం మీద కూర్చుని నాడె విసిరాడు. అది అంచు దాకా వెళ్లి ఆగింది. తిరిగి పంపేవాళ్లు లేరు. కాసేపు దాన్ని చూసి, లేచి వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లాడు.

"చెయ్యి ఎట్లున్నది?" అన్నాడు.

నవనీత కూరగాయలు తరుగుతూనే ఉంది.

"నొప్పుంటే ఇయ్యాల వద్దు తియ్యి. రేపు కూసుందం. పెండ్లి వరకు అయితది. నేను చేస్త." అంతటితో అతని దగ్గర మాటల స్టాకు అయిపోయింది. అయినా గుమ్మం వదలలేదు. నిలబడి, వెతుక్కుని, ఇంకొకటి పట్టుకొచ్చాడు. "ఆ పసుపు రంగు నీకు మంచిగుంటది. నువ్వు ఏరినప్పుడే అనుకున్న. అనలే."

భోజనాలయ్యాక నవనీత వచ్చి తన చోట కూర్చుంది. అతని కోసం వచ్చిందో, చీర కోసం వచ్చిందో ఆమె చెప్పలేదు. సుదర్శన్ నాడె పంపాడు. ఆమె దారం మెలిపెట్టి తన నాడె విసిరింది, గాజులు మోగాయి. అరుగు మీద జములమ్మ కండె అందుకుంది.

"మెల్లగ నెయ్యి," అన్నాడు సుదర్శన్. "తొందరేం లేదు. భయపడకు, నీ ఎన్క నేనున్న."

నవనీత దారం మీంచి చూపు ఎత్తలేదు.

"ఊ," అంది.